నా కడుపులో భద్రాచలం బిడ్డ

ఆ రోజుల్లో కడుపు మనదే అయినా దాని మీద మాట్లాడే హక్కు మాత్రం ఊరందరిదీ. ఇప్పటి పిల్లలు మూడో నెల నిండేదాకా కన్నతల్లికి కూడా చెప్పరు. చెప్పినా ఫోనులో ఒక బొమ్మ పంపి ఊరుకుంటారు. మా కాలంలో (మా కాలమంటే మరీ పాతకాలం కాదు, రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి సంగతే, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి, మా ఇంటిదాకా ఇంకా రాలేదు) బస్సులో పక్కన కూర్చున్న మనిషి కండక్టరు టికెట్టు కొట్టే లోపే ఎన్నో నెల అని అడిగేది. చెబితే నమ్మేది కాదు. ఇంత పొట్టకు ఆ నెల ఎట్లా సరిపోతుందని నా మొహం కేసి అనుమానంగా చూసేది, నేనేదో నెలలు ఎగ్గొట్టినట్టు. కూరగాయలామె, పాలామె, మా బడి ఆయా, చీరల మూట ఎత్తుకుని ఊరూరూ తిరిగే ఆయన, అందరూ పొట్టను చూసి తలా ఒక తీర్పు చెప్పేవాళ్లు. నేను బీయస్సీ చదివి, బీయీడీ కూడా చేసి ఉన్నాను కదా, ఇలాంటి మాటలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తానని నాకు చాలా నమ్మకం. ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలబడిందో చెప్పడానికే ఈ కథంతా.

మా పుట్టిల్లు కల్లూరు. వరిచేలు, మిరపచేలు, కాలువలు, ఎటు చూసినా మనుషులు. పెళ్లయి పినపాక వైపు వచ్చాక, ఊరి చివరి ఇల్లు దాటగానే అడవి మొదలవుతుందని తెలిసి మొదట్లో బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. మా ఆయనకు కరెంటాఫీసులో ఉద్యోగం. గాలివాన వచ్చి చెట్టు కూలి తీగలు తెగిన రోజున ఊరంతా ఆయన్నే తలుచుకునేది (మెచ్చుకుంటూ కాదు). నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ. మనిషి పొట్టి, సన్నం, గాజులు కొనడానికి వెళితే దుకాణంవాడు బడిపిల్లల గాజుల డబ్బా తీసి ముందర పెట్టేవాడు. మాట మాత్రం మైకు అక్కర్లేనిది. నా మీద ప్రేమ ఎక్కువే, దాన్ని చూపించేటప్పుడు నన్ను అడిగే అలవాటు మాత్రం ఆమెకు లేదు.

మా చర్చి సంఘంలో ఆ ఏడాది కడుపుతో ఉన్నది ఇద్దరమే. ఒకతె నేను, ఇంకొకతె పాస్టరమ్మగారి కోడలు. నెలలు కూడా ఇద్దరికీ ఒకటే. అంతకంటే ఇంకేం కావాలి? ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి ముందు రేకుల పందిరి కింద ఆడవాళ్లంతా మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూసేవాళ్లు. ఎదురుగా చూసి, పక్కకు తిప్పి చూసి, ఒక్కొక్కసారి నాలుగు అడుగులు నడిపించి కూడా చూసేవాళ్లు. సంతలో మేకలను కూడా ఇంత శ్రద్ధగా చూడరు. పాస్టరమ్మగారి కోడలు పొడుగ్గా, వెడల్పు భుజాలతో ఉంటుంది కాబట్టి ఆమె పొట్ట ఆమెలో కలిసిపోయేది. నేను మా అత్తమ్మకంటే కాస్త పొడుగు, అంతే. కాబట్టి నాకు ఎక్కడా దాచుకోవడానికి చోటు లేక ఉన్నదంతా ముందుకే వచ్చేది. ఈ చిన్న విషయం అప్పుడు ఎవరికీ తట్టలేదు, బీయస్సీ చదివిన నాతో సహా.

ఏడో నెల వచ్చాక చూపులు చాలలేదు. కొలవాలన్నారు. టేపు పెట్టి కొలిస్తే ఆయుష్షు తక్కువని ఎవరో అన్నారు కాబట్టి జానతో కొలవాలి. పరాయి చెయ్యి పడితే దిష్టి కాబట్టి ఎవరి కోడల్ని వాళ్ల అత్తే కొలవాలి. ఇది మా సంఘం పద్ధతో, మా ఊరి పద్ధతో, ఆ పూట అప్పటికప్పుడు పుట్టిన పద్ధతో నాకు ఈనాటికీ తెలియదు. పాస్టరమ్మగారు ఆరడుగుల మనిషి, ఆమె అరచెయ్యి విప్పితే ఒక విస్తరాకు. ఆమె తన కోడలి నడుము చుట్టూ చెయ్యి వేసి ఐదు జానలని చెప్పారు. తర్వాత మా అత్తమ్మ తన చిట్టి చెయ్యి సాగదీసి సాగదీసి నా చుట్టూ ఒక చిన్న ప్రదక్షిణ చేసి, ఆరున్నర అని ప్రకటించింది. అంతే, పందిరి కింద అందరి నోటా ఒకటే మాట, కవలలు. నేను కూడా నోరు తెరుచుకుని నా పొట్ట కేసి చూసుకున్నాను.

స్కానింగు లేదా అని మీరు అడుగుతారు. ఉంది. నాలుగో నెలలోనే మణుగూరులో చేయించాం, డాక్టరమ్మ ఒక్కటే బిడ్డ అని చెప్పింది కూడా. ఆ మాటే మా అత్తమ్మతో అన్నాను. ఆమె నా కేసి జాలిగా చూసింది.

"ఒక్కటే అని చెప్తది బిడ్డా, మరేమంటది? టీవీల ముందల నిలబడ్డోడే కదా కనపడేది. ఎనకున్నోడు ఎట్ల కనపడతడు?"

ఆ రాత్రే అన్నం తింటూ ఆ మాటలో కొంత నిజం ఉందేమోనని కూడా అనుకున్నాను. ఆ వారం సంతకు వెళితే, అడవి ఊళ్ల నుంచి చీపుర్లు, తేనె అమ్మడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి కోయ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. వాళ్లేమన్నారని అత్తమ్మను అడిగాను. ఇద్దరు పుడతారంటున్నారని చెప్పింది (ఆమెకు కోయ భాష రాదు). ఇక సాక్ష్యాలన్నీ ఒకవైపే పోగవుతున్నాయి.

ఇంతవరకైతే నవ్వులాటే. అసలు చిక్కు వేరే ఉంది. మా ఆయనకు ఒక అక్క ఉంది, నాకు వదిన. భద్రాచలంలో ఉంటారు, వాళ్లాయన బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. తిరగని దవాఖానా లేదు. వదిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, పిల్లల మాట వస్తే అసలే మాట్లాడదు, లేచి వెళ్లి ఏదో ఒక గిన్నె తోముతుంది. కూతురికి బిడ్డ లేదన్నది మా అత్తమ్మ గుండెలో మేకులా దిగి ఉండేది. ఆరున్నర జానల సంగతి తెలిసిన మూడో రోజునో నాలుగో రోజునో, పెరట్లో బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆమె ఉన్నట్టుండి చేట కింద పెట్టి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఇద్దర్ని ఎందుకిస్తున్నాడో దేవుడు ఇప్పుడు అర్థమయిందంది. ఒకటి కొడుకింటికి, ఒకటి కూతురింటికి.

నేను ఏదో అనబోయాను. ఏమనాలో ఆలోచించుకునే లోపే శుక్రవారం వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం మా సంఘంలో స్త్రీల కూడిక. పాటలయ్యాక ఎవరికి దేవుడు మేలు చేశాడో వాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గిందనో, కొడుకు పాసయ్యాడనో, పోయిన గేదె దొరికిందనో చెబుతారు. జరిగాక చెబుతారు. మా అత్తమ్మ జరగకముందే లేచి నిలబడి, తన కోడలికి ఇద్దరు బిడ్డలని, అందులో ఒకరిని తన కూతురి ఒడిలో పెట్టబోతున్నామని, పందిరి అవతల టీ కొట్టు దాకా వినపడేట్టు సాక్ష్యం చెప్పేసింది. అందరూ స్తోత్రం అన్నారు, కొందరు ఏడ్చారు. పాస్టరమ్మగారు వచ్చి నన్ను దగ్గరికి తీసుకుని, నీ మనసు చాలా పెద్దదమ్మా అన్నారు. మా సంఘంలో సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడమన్నది లేదు. నా మనసు ఎంత పెద్దదో నాకు తెలియకుండానే ఊరికి తెలిసిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పుట్టని బిడ్డలకు పేర్లు వచ్చాయి. ఒకటి ఇంటి బిడ్డ, ఇంకొకటి భద్రాచలం బిడ్డ. పొట్టలో కుడి పక్కన కదిలితే ఇంటి బిడ్డ, ఎడమ పక్కన కదిలితే భద్రాచలం బిడ్డ. నేను ఇద్దరికి తినడం లేదు, ముగ్గురికి తింటున్నానని చెప్పి అత్తమ్మ నా కంచంలో మూడోసారి అన్నం పెట్టేది. నువ్వులుండలు ఇంటి బిడ్డకట, ఖర్జూరాలు భద్రాచలం బిడ్డకట. అవన్నీ తినేది నేను కాబట్టి పొట్ట, నడుము, చెంపలు అన్నీ కలిసి పెరిగాయి, పెరిగిన ప్రతిసారీ కవలల వాదానికి బలం వచ్చింది. సంఘంలో ఎవరు ఏమిచ్చినా జంటగానే ఇచ్చేవాళ్లు. రెండు టోపీలు, రెండు జతల మేజోళ్లు, రెండు దోమతెరలు. ఒకావిడైతే పాత చీరలతో రెండు బొంతలు కుట్టి తెచ్చి, ఎవరిదెవరిదో గొడవ పడకుండా ఒకదానికి ఎర్ర అంచు, ఒకదానికి పచ్చ అంచు వేసింది. పచ్చది భద్రాచలానికని అక్కడే పక్కకు తీసి పెట్టారు.

ఆ పచ్చ అంచు బొంత చూసిన రోజున నాకు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది, కోపం కింద భయం కూడా ఉంది. ఇంతకీ నా కడుపులో ఎక్కువగా కదిలేది ఎడమ పక్కనే. బడిలో నేను ఎక్కం చెప్పిస్తుంటే అటు నుంచే తన్నేది. మధ్యాహ్నం కాసేపు పడుకుంటే అటు నుంచే లేపేది. ఇంటి బిడ్డ ఉలుకూ పలుకూ లేని బుద్ధిమంతుడు. నాతో ముచ్చట పెట్టేదంతా భద్రాచలం బిడ్డే. ఇవ్వబోయే బిడ్డ మీదే నాకు ప్రేమ ఎక్కువవుతోందని తెలిశాక అన్నం సహించడం మానేసింది. ఇవ్వనని ఎవరితో చెప్పను? వదిన ముఖం చూసి చెప్పగలనా? ఏళ్ల తరబడి గిన్నెలు తోముతున్న ఆ మనిషితో, నాకు రెండుంటే రెండూ నాకే కావాలని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఒకరోజు మా ఆయన్ను కూర్చోబెట్టి, నిజంగా ఇద్దరు పుడితే ఏం చేద్దామని అడిగాను. ఆయన చాలాసేపు ఫ్యాను కేసి చూసి, చూద్దాంలే అన్నారు. పెళ్లి చూపుల నాడు కూడా ఆయన అన్న మాట అదే. ఇక ప్రార్థన ఒక్కటే మిగిలింది. ప్రభువా, నా కడుపులో ఒక్కటే ఉండేట్టు చూడు అని ప్రార్థించేదాన్ని. కడుపు పండాలని మొక్కుకునే వాళ్లను చూశాను గానీ, పండినదాంట్లో సగం లేకుండా చెయ్యమని అడిగినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

వదిన ఆ నెలల్లో రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నా పొట్ట ఎడమ పక్కన పెట్టించాలని చూసేది. వదిన ఏదో పని ఉన్నట్టు చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లేది. మొహమాటం అనుకున్నాను. ఇంకొకసారి, బిడ్డ పుట్టేదాకా ఓపిక పడుతోందిలే, పుట్టాక నాకు ముట్టుకోవడానికి కూడా దొరకదు అనుకున్నాను. అంత చెడ్డగా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని ఆమెకు కాఫీలో ఇంకో చెంచా చక్కెర ఎక్కువ వేశాను.

ఇలా ఉండగా ఎనిమిదో నెలలో ఒకరోజు బడిలో కొలతల పాఠం వచ్చింది. ఏటేటా చెప్పే పాఠమే. పిల్లల్ని బెంచీ పొడవు జానలతో కొలవమన్నాను. ఒకరు పది అన్నారు, ఒకరు పన్నెండు అన్నారు, వెనక బెంచీ పొడుగు పిల్ల తొమ్మిదే అని పందెం కాసింది. నీది తప్పంటే నీది తప్పని కొట్టుకున్నారు. నేను బెత్తంతో బల్ల మీద కొట్టి, ఏటేటా చెప్పే మాటే చెప్పాను. అందరి జానా ఒకటి కాదు, చిన్న చెయ్యి వాళ్లకు ఎక్కువ జానలు వస్తాయి, పెద్ద చెయ్యి వాళ్లకు తక్కువ వస్తాయి, అందుకే జానతో కొలిచి ఇది పెద్దది, అది చిన్నది అని చెప్పకూడదు. ఈ చివరి మాట బోర్డు మీద రాస్తూ సగంలో ఆగిపోయాను. చాక్‌పీసు చేతిలో ఉంది, రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. నా వెనక ముప్ఫైమంది పిల్లలు రాసుకోవడానికి ఎదురుచూస్తున్నారు. ఏ సిగ్గూ లేకుండా గట్టిగా నవ్వాను. టీచరుకు నొప్పులొచ్చాయని ముందు బెంచీ పిల్లలు హెడ్‌మాస్టరు గదికి పరుగెత్తారు.

బడి వదలగానే తిన్నగా పాస్టరమ్మగారింటికి వెళ్లాను. ఆమె ఇంట్లో లేరు, అదే మంచిదయింది. కోడలు మంచం మీద కూర్చుని చింతకాయ తింటోంది. లేచి నిలబడమన్నాను. నా సొంత జానతో ముందు ఆమెను కొలిచాను, తర్వాత నన్ను కొలుచుకున్నాను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. నాదే వేలెడు తక్కువ. నాకెంత సంతోషమయిందంటే ఆ చింతకాయలో సగం లాక్కుని తినేశాను. ఆమెకేమో మొహం మాడిపోయింది, అయితే నాకు కూడా ఇద్దరా అని. ఆమెను ఓదార్చి బయటపడేసరికి పొద్దుగూకింది.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా వివరించాను. ఆమె అరచేతిని నా అరచేతికి ఆనించి, వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించాను కూడా. ఆమె శ్రద్ధగా విన్నది, చేతులు చూసుకున్నది. ఆ తర్వాత తేలిగ్గా తీసిపారేసింది.

"నా చెయ్యి చిన్నదే, అవ్. కొలుచుడు తప్పయితే అయి ఉండొచ్చు. కానీ నేను సాక్ష్యం చెప్పిన గదా? దేవుడు నన్ను అబద్ధం ఆడనిస్తడా?"

లెక్కలన్నీ అక్కడికే ఆగిపోయాయి. నాక్కూడా సగం ధైర్యమే మిగిలింది. పొట్ట మామూలుదే సరే, వెనక నిలబడ్డవాడి సంగతేమిటి? బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో చూడ్డానికి ఎనిమిదో నెలలో ఒకసారి స్కానింగు చేయించమని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. మణుగూరులో ఆ మిషను పాడయిందన్నారు. అయితే భద్రాచలం తీసుకెళ్లమని మా ఆయనతో పట్టుబట్టాను. ఆయనకు సెలవు దొరకలేదు (గాలివాన). బస్సెక్కించి, అక్కడ దిగాక అక్క వచ్చి తీసుకెళుతుందని చెప్పారు. ఎవరి ముందర నిజం తేలకూడదని భయపడుతున్నానో ఆమె పక్కనే కూర్చుని తేల్చుకోవాలన్నమాట. గోదావరి వంతెన మీద బస్సు వెళుతున్నంతసేపూ చాలామంది చిల్లర వేసి దండం పెట్టుకున్నారు. నేను నీళ్ల కేసి చూస్తూ, ఒక్కటే, ఒక్కటే అని గొణుక్కుంటూ కూర్చున్నాను.

వదిన బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మొహం పీక్కుపోయి ఉంది. తిన్నావా అని నన్ను అడిగింది, నువ్వు తిన్నావా అని నేనడిగితే ఏదో దాటేసింది. ఆటోలో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. దవాఖానాలో నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. లోపలికి ఒక్కరినే రమ్మన్నారు గానీ వదిన నా చీర కొంగు సర్దే వంకతో తెర దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. అక్కడి డాక్టరమ్మ చాలా నిదానస్తురాలు. పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, మిషను అటూ ఇటూ తిప్పి, బిడ్డ బాగుందమ్మా, తల కిందికే ఉంది, బరువు కూడా సరిపోయింది అన్నారు. ఒక్కటేనా అని అడిగాను. ఒక్కటే అన్నారు. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"మేడమ్, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో ఒకసారి చూస్తారా?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. తెర దగ్గర నిలబడ్డ వదినను చూశారు.

"వెనకా? వెనక మీ వెన్నెముక ఉందమ్మా," అన్నారు.

ఎడమ పక్క ఎవరు తన్నుతున్నారని అడిగాను. ఆ బిడ్డే, కాళ్లు అటు ఉన్నాయి అన్నారు. భద్రాచలం బిడ్డంటే ఇంటి బిడ్డ కాళ్లేనన్నమాట. పొట్ట తుడుచుకోమని దూది చేతికిచ్చారు. పొట్ట తుడిచిన ఆ దూదితోనే నేను కళ్లు కూడా తుడుచుకున్నాను. జెల్లు కళ్లలో పడి ఇంకా ఏడుపొచ్చింది.

బయటకొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నా ఒంట్లోంచి పెద్ద బరువు దిగిపోయింది, దిగిపోయిందన్న సంగతి ఆమెకు కనపడకూడదని ఇంకో బరువు. పక్కకు తిరిగి చూస్తే వదిన కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఎగరేస్తూ ఏడుస్తోంది. ఏమని ఓదార్చాలి? వదినా, ఏమీ అనుకోకు, దేవుడు నీకు కూడా ఇస్తాడు అని ఏవేవో అతుకుల మాటలు మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఊపిరి పీల్చుకుని, కొంగు తీసి, నా కేసి చూసింది. నేను చూసింది ఏడుపు ఒక్కటే కాదు, సగం నవ్వు.

"బతికిన పిల్లా. ఇయ్యాల బతికిన. ఒక్కటే ఉండాలని పొద్దుగాల నుంచి ఉపాసమున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. నీకు పిల్లలు కావాలి కదా వదినా అన్నాను.

"కావాలె. వద్దంటే అబద్ధమైతది. గట్లని నీ వొళ్లోది గుంజుకుంటనా? రేపు అది ఏడ్చినప్పుడల్లా నేను నీ దిక్కు చూడాలె, నువ్వు నా దిక్కు చూడాలె. ఎట్ల బతుకుతం? ఇస్తమని అందరన్నరు. నీకు కావాల్నా అని నన్ను ఒక్కలన్న అడిగిన్రా?"

"నువ్విస్తావా అని నన్ను కూడా ఎవరూ అడగలేదు వదినా," అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇవ్వనని చెప్పలేక నేను, వద్దని చెప్పలేక ఆమె, ఇంత కాలంగా ఒకే ప్రార్థన చేస్తున్నాం. వదిన అప్పుడు, మొదటిసారి, తనంతట తాను చెయ్యి చాచి నా పొట్ట మీద పెట్టింది. లోపల ఉన్నది కూడా సమయం చూసి ఒక్క తన్ను తన్నింది. ఆమె ఉలిక్కిపడి, దీనికి బాగా పొగరున్నదని చెప్పి మళ్లీ ఏడ్చింది. వరండాలో కూర్చున్న వాళ్లంతా మాకేదో కీడు జరిగిందనుకుని జాలిగా చూశారు. ఒక ముసలావిడ వచ్చి, బాధపడకండి బిడ్డా, మళ్లీ అవుతారు అని మా ఇద్దరి తలలూ నిమిరి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే మాకు నవ్వు ఆగలేదు. తిన్నగా హోటలుకు పోయి ఇద్దరం నాలుగు నాలుగు ఇడ్లీలు, ఆపైన పూరీ తిని, ఆపైన చెరో గ్లాసు పాలు తాగాం. ఆ నెలల్లో నాకు తిండి రుచి తెలిసింది ఆ పూటే.

ఇక అత్తమ్మకు చెప్పాలి. రూపాయి డబ్బా ఫోను దగ్గర నిలబడి, మా పక్కింటి దుకాణానికి ఫోను చేసి ఆమెను పిలిపించాం. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని తోసుకుని చివరికి వదినే చెప్పింది. అమ్మా, ఒక్కటేనంట, ఎనక ఎవ్వరు లేరంట, డాక్టరమ్మ మంచిగ చూసింది అని. రూపాయి అయిపోతుందేమోనని నేను ఇంకో బిళ్ల వేశాను. తర్వాత వదిన నెమ్మదిగా, నాకు బాధ లేదమ్మా, ఒట్టు, నేను మంచిగున్న అని చెప్పింది. ఆ ఒక్క మాట వినడానికే ఆ ముసలి ప్రాణం అంత సాక్ష్యం చెప్పిందేమో, అటువైపు అత్తమ్మ ఏడుస్తూ సరే బిడ్డా, సరే బిడ్డా అనడం నా చెవికి కూడా వినపడింది. ఆ వచ్చే శుక్రవారం ఆమె సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. తలనొప్పని ఇంట్లోనే ఉండిపోయింది.

అమ్మాయి పుట్టింది. ఒక్కతే, మామూలు బరువుతో, ఊరంతా వినపడే గొంతుతో. పాస్టరమ్మగారి కోడలికీ ఒక్కడే పుట్టాడు (కథ రాసేవాళ్లయితే ఆమెకు కవలల్ని పుట్టించేవాళ్లు, నాకు ఆ భాగ్యం లేదు). బొంతలు రెండూ మా అమ్మాయికే పనికొచ్చాయి, ఒకటి ఆరేస్తే ఒకటి. మూడో నెలలో ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. వదిన, అన్నయ్య భద్రాచలం నుంచి వచ్చారు. సంఘమంతా వచ్చింది. వదిన బిడ్డను ఒళ్లో వేసుకుని నా పక్కనే చాప మీద కూర్చుంది. చివరి ప్రార్థన పెద్దరికంగా మా అత్తమ్మనే చెయ్యమన్నారు. అందరం కళ్లు మూసుకున్నాం. మొదట బాగానే సాగింది. తల్లిని కాపాడినందుకు వందనాలు, బిడ్డను కాపాడినందుకు వందనాలు. నేను నిశ్చింతగా తల వంచుకుని ఉన్నాను. అప్పుడు ఆమె గొంతు ఒక మెట్టు పైకి లేచింది. "ప్రభువా, ఈసారి ఒక్కదాన్నే ఇచ్చినవు. వచ్చేసారి మాత్రం..."

"ఆమెన్," అన్నాను నేను.

"ఆమెన్," అంది వదిన, నాతో సమానంగా, నాకంటే గట్టిగా.

మా సంఘంలో ఎవరు ముందు అన్నా ఆమెన్ అంటే ఆమెనే. కూడికంతా ఒక్క గొంతుతో ఆమెన్ అనేసి కళ్లు తెరిచి పులిహోర కోసం లేచింది. మా అత్తమ్మ ఒక్కతే చేతులెత్తి, నోరు తెరిచి, వచ్చేసారి అన్న దగ్గరే నిలబడిపోయి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వదినేమో బిడ్డ తలకు టోపీ సర్దుతున్నట్టు నటించింది, నేను బిడ్డకు గాలి విసురుతున్నట్టు నటించాను.

ఇప్పుడు అత్తమ్మ లేదు. మా అమ్మాయికి పెళ్లీడు వచ్చింది, సెలవులొస్తే మా దగ్గర రెండు రోజులుండి మిగతావి మేనత్త దగ్గర గడుపుతుంది, మేమెవరం పంపక్కర్లేదు, తనే బ్యాగు సర్దుకుంటుంది. అప్పుడప్పుడు, బస్సు కిటికీ పక్కన పొట్ట పట్టుకుని, పక్కనున్న మనిషి మీద అనుమానంతో, తన మీద అంతకంటే అనుమానంతో కూర్చున్న ఆ కొత్త టీచరమ్మ గుర్తొస్తుంది. లేని బిడ్డను ఎవరికీ ఇవ్వనని ఎంత గట్టిగా పట్టుకుని కూర్చుందో తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పటికీ వదినా నేనూ ఒక చాప మీద కూర్చుంటే, ప్రార్థన కాస్త దారి తప్పుతున్నట్టు అనిపించగానే, కళ్లు మూసుకునే ఒకరి మోకాలు ఒకరం తడుముకుంటాం.